ఆరంకెల పేరయ్య

సంబంధాలు తెచ్చే ఎవరికైనా మా పేటలో ఒకటే పేరు, పేరయ్య. ఇప్పటి పేరయ్యగారికి చంకలో రెక్సిన్ సంచి, చెవిలో బ్లూటూత్. ఆయన అబద్ధమాడగా ఎవరూ వినలేదు. నిజం చెప్పగా విన్నవాళ్ళూ లేరు.

మా అక్కయ్య కూతురికి ఓ సంబంధం తెచ్చారు.

"అబ్బాయికి ఆరంకెల జీతమండీ."

బావ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నెలకా, ఏడాదికా?"

"లోటుండదండీ."

"అమెరికాలోనా?"

"అమెరికా కంపెనీ." కంపెనీ అమెరికాదే, కుర్చీ మాదాపూర్‌లో.

"మనిషెలా ఉంటాడు?"

"గుమ్మంలోకి తల వంచుకునే వస్తాడండీ."

బావ పొడుగనుకున్నాడు. అక్కయ్య వినయమనుకుని మురిసిపోయింది. సెల్‌ఫోన్ చూసుకుంటూ వస్తాడని పెళ్ళిచూపుల్లో తెలిసింది.

చెప్పేవాడి లాభానికీ వినేవాడి లాభానికీ ఎంత ఎడముంటే మాట అంత మసకబారుతుందని 1982లో క్రాఫర్డ్, సోబెల్ అనే ఆర్థికవేత్తలు లెక్కకట్టి చూపించారు. మాకు కావలసింది మంచి పెళ్ళి. పేరయ్యగారికి ఏదో ఒక పెళ్ళి. ఆ ఎడంలోనే పుట్టాయి ఆరంకెలు. కురుక్షేత్రంలో ఒక్కమాట గొణిగినందుకు ధర్మరాజు రథం నేలకు దిగిందంటారు. పేరయ్యగారి స్కూటరుకు ఆ భయం లేదు, మొదట్నుంచీ నేలమీదే ఉంది.

అసలు పనితనం చూడాలంటే కట్నం దగ్గర చూడాలి. "వాళ్ళు ఆ మాటే ఎత్తరండీ. మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం." సూటిగా అడిగినా, డొంకతిరుగుడుగా అడిగినా నేరమేనంటుంది 1961 నాటి వరకట్న నిషేధ చట్టం. ఇందులో అడిగిందెక్కడో ఏ పోలీసూ వేలుపెట్టి చూపలేడు. మా బావ మాత్రం ఆ రాత్రే బీరువా తెరిచి పొలం కాగితాలు వెతుక్కున్నాడు.

పెళ్ళిచూపులయ్యాక వారం పోయి కబురొచ్చింది. "జాతకాలు కలవలేదన్నారండీ." జాతకం మేమింకా ఇవ్వనేలేదు. అయినా అక్కయ్య, "అలాగా, దేనికైనా రాసిపెట్టి ఉండాలి కదండీ" అంది. అమ్మాయికి అబ్బాయి నచ్చలేదన్న సంగతి మేమూ బయటపెట్టలేదు.

"మీ రానుపోను ఖర్చులకు ఎంతివ్వమంటారు?" అడిగాడు బావ.

"మీకు తోచింది."

బావ ఐదొందల నోటిచ్చాడు. పేరయ్యగారు దాన్ని జేబులో పెట్టుకోలేదు, వెనక్కీ ఇవ్వలేదు. సంచి మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేస్తూ అన్నారు:

"పక్కవీధివారికి రెండువేలు తోచిందండీ."