పోయిందన్నా సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: "క్లచ్ పోయిందన్నా. ప్లేట్లు మార్చాలె. అర్ధగంటల అయితది."

ప్రతిపదార్థం: అన్నా = ఓ బండి యజమానీ (వయసుతో నిమిత్తం లేదు); క్లచ్ = పట్టువిడుపుల సాధనం; పోయింది = జారుతున్నది; ప్లేట్లు = రాపిడి పలకలు; మార్చాలె = మార్చవలెను; అర్ధగంటల = అర్ధగంట కాలంలో; అయితది = అగును.

టీక: సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో మరమ్మతు దుకాణాల ముందు తరచుగా వినవచ్చే ఈ మూలానికి కర్త ఒక్కడు కాడు, నోట పేచ్‌కస్ కరుచుకొని రెండు చేతులా పని చేసే ఉస్తాదులందరూ దీనికి కర్తలే. పేచ్‌కస్ అంటే మర తిప్పే సాధనం, పుస్తకాల తెలుగులో మరమేకు తిప్పుడుపుల్ల అనవచ్చు గాని అలా అడిగితే రాణిగంజ్ దుకాణాల్లో ఎవరూ ఇవ్వరు. మూలంలో 'బండి' అనే పదం లేదు కనుక అధ్యాహారం చేసుకోవాలి. అధ్యాహారమంటే వాక్యంలో లేని మాటను అర్థం కుదరడానికి బయటినుంచి తెచ్చుకోవడం. మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి మూలంలో లేనిదీ, అవసరం కానిదీ రాయనని నియమం పెట్టుకొన్న వ్యాఖ్యాత. ఆ నియమంలో మొదటి సగమే బండి విషయంలో భంగమైంది, రెండో సగం గతి ముందు ముందు పాఠకులకే తెలుస్తుంది.

ఆ బండి పాత ఇనుప ఇంజను బుల్లెట్ అని గ్రహించాలి. 1950ల తొలినాళ్ళలో భారత సైన్యం ఈ 350 సీసీ బండ్లను తెప్పించుకొన్న తరువాత, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి ఇక్కడే వాటి తయారీకి దారి పడింది. కనుక కంటోన్మెంటు ఊరైన సికింద్రాబాద్‌లో దీనిని అధ్యాహారం చేయడం అసందర్భం కాదు. దీనికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఇంజను వేరు, గేరుబాక్సు వేరు, రెంటినీ ఎడమవైపు ఒక మూత కింద చైను కలుపుతుంది. క్లచ్ కాపురం ఆ మూత కిందనే.

'క్లచ్' శబ్దానికి పట్టు అని అర్థం. బయటి డ్రమ్ము చైనుతోపాటు ఇంజను శక్తితో తిరుగుతుంది, లోపలి హబ్బు గేరుబాక్సు ఇరుసుమీద ఉంటుంది, ఈ రెంటి నడుమ పలకలు ఒకటి విడిచి ఒకటిగా అమరి, ఒకదాని పళ్ళు డ్రమ్ములోను, పక్కదాని పళ్ళు హబ్బులోను పట్టుకొని ఉండగా, మూడు స్ప్రింగులు పైనుంచి ప్రెషర్ ప్లేటును అదిమి వాటన్నిటినీ ఒక్కటిగా తిప్పుతాయి. చేతిపిడి నొక్కితే వైరు లాగి, గేరుబాక్సు ఇరుసు బోలులో నుంచి వచ్చే పుష్‌రాడ్డు ప్రెషర్ ప్లేటును వెలికి నెడుతుంది, పలకలు విడిపోతాయి. అంటే చేయి పట్టినప్పుడు లోపల విడుపు, చేయి విడిచినప్పుడు లోపల పట్టు. ఆలంకారికులు దీనిని విరోధాభాసమంటారు. ఉస్తాదులు ఏమీ అనరు.

'పోయింది' అన్నచోట వ్యాఖ్యాతలు కాస్త ఆగాలి. పోవు ధాతువుకు గమనం, నాశనం అని రెండర్థాలు ఉన్నాయి. ఇక్కడ రెండోది గ్రాహ్యం, ఎందుకంటే క్లచ్ పోయింది కనుకనే బండి పోదు. లక్షణమేమంటే, ఫ్లైఓవరు ఎక్కుతూ యాక్సిలరేటరు తిప్పినప్పుడు ఇంజను అరుపు పెరుగుతుంది గాని వేగం పెరగదు. దీనిమీద పూర్వపక్షం ఇలా ఉంటుంది: క్లచ్ పోలేదు, వైరు బిగుసుకొన్నది. ఈ పూర్వపక్షం బలమైనదే. పిడి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు లేకపోతే పుష్‌రాడ్డు సదా పలకలను నెడుతూనే ఉంటుంది, అవి సగం పట్టులో జారి వేడెక్కి మాడతాయి, కొత్తవి వేసినా అదే గతి పడుతుంది. కనుక వైరు వదులు చేసి చూడనిదే 'పోయింది' అనరాదు. వదులు చేసినా జారితేనే సిద్ధాంతం.

'మార్చాలె' అన్న క్రియకు కర్త లోపించింది. ఉస్తాదు అని ఒక సంప్రదాయం, యజమాని అని మరొకటి. ఈ రెండోదాన్ని నమ్మినవారే వాకిట్లో బండి నిలిపి పానాలు పరుస్తారు. వారికి విధి ఇది: ఎడమ ఫుట్‌రెస్టును, బ్రేకు పెడలును తొలగించి, మూతను నడుమ పట్టి ఉంచిన ఒకే ఒక్క నట్టు విప్పాలి. మూత కదలగానే లోపలి నూనె కిందికి దూకుతుంది కనుక ముందే ఒక బేసిను పెట్టాలి. అది వంటింటి బేసిను కావడమే లోకాచారం, కారాదన్నది శాస్త్రం. ఆ నూనె నల్లగా, చేతికంటితే సబ్బుకు లొంగనిదిగా ఉంటుంది. 2022 డిసెంబరు 5న పునఃప్రారంభమైన బన్సీలాల్‌పేట మెట్లబావి ఎన్నో ఏళ్ళు చెత్తకింద పూడి ఉన్నదని, చెత్త ఎత్తినకొద్దీ మెట్టు తరువాత మెట్టు బయటపడిందని ఈ వాడవారికి తెలుసు. డ్రమ్ములోకి దిగడమూ అటువంటిదే.

మూడు స్ప్రింగు మరలను విప్పి, పలకలను తీసిన వరుసలోనే పాత పేపరుమీద పేర్చాలి. వరుస తప్పినవాడికి ఏ టీకా అక్కరకు రాదు. ఉక్కు పలకలను అద్దంమీద పెట్టి నొక్కి చూడాలి; వంగినది అద్దంమీద ఊగుతుంది, నీలం తిరిగినది వేడికి కమిలినది, రెండూ పనికిరావు. డ్రమ్ము గాళ్ళలో పళ్ళు కొట్టుకొన్న గుంటలు పడి ఉంటే కొత్త ప్లేట్లు కూడా ఆ గుంటల్లో ఇరుక్కొని విడిపోవు. కొత్త రాపిడి పలకలను నూనెలో నానబెట్టి వేయాలి. చివరికి మూడు మరలను సమంగా బిగించి, మూత పెట్టకముందే పిడి నొక్కి ప్రెషర్ ప్లేటును కళ్ళతో చూడాలి: అది పళ్ళెంలా తిన్నగా పైకి లేస్తే సరి, ఒకవైపు ఎక్కువగా లేచి వాలితే ఆ లేచిన వైపుకు ఎదురుగా ఉన్న మర బిగువెక్కువ. పాడైన క్లచ్‌లకంటె వాలిన ప్లేట్లే ఎక్కువమందిని తిరిగి ఉస్తాదు దగ్గరికి పంపుతాయని చెప్పడం సాహసం కాదు.

'అర్ధగంటల' అన్నది సప్తమ్యర్థకం. తెలంగాణ వాడుకలో 'లో' ప్రత్యయం 'ల'గా హ్రస్వమవుతుంది. కాలం కూడా అలాగే హ్రస్వమైంది. 'గంటల' అని పాఠాంతరం ఉన్నది, 'రేపు పొద్దుగాల' అని మరొకటి. ఉస్తాదుకు మూలపాఠమే నిజం, ఎందుకంటే అతని చేతికి ప్రతి నట్టు కొలత ముందే తెలుసు. ఇంట్లో పని చేసేవాడు ఆ కొలత వెతికేలోగానే అర్ధగంట గడుస్తుంది.

తాత్పర్యం: ఓ యజమానీ, నీ బండి పట్టు సడలింది, ముందు వైరు చూసి, తరువాతనే మూత విప్పు. ఆదివారం సగం పోతుంది.

విశేషం: మూలంలో మూతకు, దాని చుట్టూ కూర్చునే రబ్బరు రింగుకు ప్రస్తావన లేకపోవడం సూత్రకారుని లాఘవమని కొందరు, ఉస్తాదు దగ్గర ఆ రింగు ఎప్పుడూ ఉంటుంది కనుక చెప్పలేదని మరికొందరు. పాత రింగే తిరిగి వేసినచోట మరునాటి ఉదయం బండి కింద రూపాయంత నూనె మరక కనిపిస్తుంది. ప్లేట్లు కొనేనాడే కొత్త రింగు కూడా కొనాలి. కొననివారు బండి కింద ఒక అట్టముక్క పరచుకోవాలి.