సైబీరియా పౌరసత్వం మా దగ్గరే ఇస్తాం

చలికాలం వచ్చిందంటే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో మునిగేవాళ్ల కంటే ఫోన్ ఎత్తేవాళ్లే ఎక్కువ. గోదారి మీద తెల్లపిట్టలు ఎగురుతుంటాయి మరి. మన మర్యాద తెలిసిందే కదండీ! గుప్పెడు కారప్పూస చల్లుతాం, ఫోటో తీస్తాం, అక్కడికక్కడే పౌరసత్వం రాసిచ్చేస్తాం: ‘సైబీరియా అతిథులు’. తెల్లగా ఉంది, చలికాలంలో వచ్చింది, ఇంకేం సాక్ష్యం కావాలి? ఆటపాకలో గూడు కట్టి పిల్లల్ని పెంచుకునే మన పెలికాన్‌కే సైబీరియా చిరునామా అంటగట్టిన ఘనులం. మనకు సీగల్ ఒక లెక్కా!

మన వైపు ఎక్కువగా కనిపించేది గోధుమతల గల్. అది గుడ్లు పెట్టేది టిబెట్, మధ్య ఆసియా ఎత్తైన సరస్సుల దగ్గర. మన లడఖ్‌లో కూడా. అంటే కారప్పూసకు ఎగబడే గుంపులో సాటి భారతీయులూ ఉండొచ్చు. దేశభక్తి పొంగిపొర్లే ఈ రోజుల్లో లడఖ్ పిట్టను పరాయిదాన్ని చేసినందుకు ఎవరికీ కోపం రాదు.

ఈ పౌరసత్వాలు పంచేవాళ్ల కంటే ఇంకో మెట్టు పైన ఉంటారు ‘రేర్’ వేటగాళ్లు. మామూలు పిట్ట దొరికితే వీళ్లకు నామోషీ. సూర్యుడికి ఎదురుగా నిలబడి ఒక్క ఫోటో నొక్కి, పిట్టల గ్రూపులో పెట్టి, ‘ఇదేదో కొత్తది, పేరు చెప్పండి సార్’ అంటారు. చెప్పాలంటే కాళ్ల రంగు తెలియాలి. కాళ్లు నీళ్లలో ఉన్నాయి. రెక్క కొనల్లో నలుపు మధ్య తెల్లమచ్చలు చూడాలి. రెక్క మూసుకుని ఉంది. కనుపాప లేతదైతే ఎదిగిన గోధుమతల, ముదురుదైతే నల్లతల అనుకోవచ్చు. కన్నుండాల్సిన చోట నాలుగు మసక చుక్కలున్నాయి. పోనీ తల చూద్దామా అంటే, చలికాలంలో ఆ రెండు జాతులూ టోపీ తీసేసి, చెవి దగ్గర ఒక మచ్చతో సరిపెట్టుకుంటాయి. వీపు మీది బూడిదరంగు చూసి తేల్చుదామంటే ఆ రంగు సగం పిట్టది, సగం ఎండది. మిట్టమధ్యాహ్నం ఒక జాతి, పొద్దువాలాక ఇంకో జాతి. ఇక ఫోన్ తన వంతు సాయంగా లేని ఈకలు కూడా దిద్ది పెడుతుంది. పెళ్లిచూపులకు పంపిన స్టూడియో ఫోటో చూసి కుర్రాడి గుణగణాలు చెప్పమన్నట్టుంటుంది వ్యవహారం.

అయినా మనకు జవాబుల కరువా? నిమిషం తిరక్కుండా ముగ్గురు పండితులు మూడు పేర్లు చెబుతారు. గోదారి గాలి సోకని యాప్ నాలుగోది చెబుతుంది. ఓట్లు లెక్కపెట్టి నెగ్గిన జాతిని ప్రకటిస్తాం. ‘ఈ ఫోటోతో తేలదు’ అన్నవాడికి డిపాజిట్ కూడా దక్కదు.

పెద్ద గల్స్ సంగతి మరీ ఘోరం. పెద్దరికం రంగులు రావడానికి వాటికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది, ఏటికో వేషం. హ్యూగ్లిన్, స్టెప్పీ, కాస్పియన్ గల్స్‌ను విడదీయడానికి జీవితమంతా వాటినే చూసినవాళ్లు తడబడతారు. ఏది జాతి, ఏది ఉపజాతి అన్న పంచాయితీ పుస్తకానికో రకంగా ఉంటుంది. ముక్కు మందం, తల వాలు, రెక్క ఈకలు ఏ నెలలో రాలుతున్నాయి, ఇవన్నీ కలిపి చూస్తే గానీ మాట పెగలదు. మనవాడు ఇచ్చింది ఒక్క ఫోటో, అదీ ఫిల్టర్ వేసింది.

అసలు తమాషా ఇక్కడే ఉంది. ఆ హ్యూగ్లిన్ గల్ నిజంగానే రష్యా ఉత్తరాన టండ్రాల్లో పుట్టిన పిట్ట. సిసలైన సైబీరియా బాపతు! మన తీరాలకు వచ్చినప్పుడు ముదురు బూడిద వీపుతో, పసుప్పచ్చ కాళ్లతో చేపల రేవుల్లో పేగుల కోసం కాకులతో పోటీ పడుతుంది. దాని కోసం కాకినాడో ఉప్పాడో వెళ్లి ఆ నీచు కంపులో గంట నిలబడాలంటే మాత్రం మన అతిథి మర్యాదకు ముక్కు పనిచేయడం మొదలవుతుంది.

ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతుంది. కోరింగ బురదలో మోకాళ్లదాకా దిగి, దుర్భిణి పట్టుకుని లెక్కించేవాళ్ల ఫారంలో ‘గుర్తించని గల్స్’ అని ఒక వరుస ఉంటుంది. తెలియనిదాన్ని తెలియదని రాసుకోవడానికి శాస్త్రం అచ్చు వేయించి మరీ ఉంచిన చోటు అది. మన గ్రూపుల్లో ఆ వరుస పెట్టి చూడండి. ఒక్క లైకు వస్తే అడగండి.