మా రోజుల్లో ఆయాసమొస్తే మంచమే

మా రోజుల్లో అల్లవరంలో ఆయాసం మనిషికి ఒకటే వైద్యం: కదలకు. మా మేనత్త బతుకంతా కొబ్బరి డొక్కలు, మట్టలతోనే వండింది. ఊదుగొట్టం ఊది ఊది, ఆ పొగంతా మింగి ఊపిరితిత్తులు పాడయ్యాక ఇంట్లోవాళ్ళు నులకమంచం వేసి కూర్చోబెట్టారు. మంచినీళ్ళు కూడా చేతికే అందించారు. కొన్నాళ్ళకి పెరటిదాకా కూడా నడవలేకపోయింది.

కూర్చున్న మనిషికి ముందు తొడల్లో సత్తువ పోతుంది. సత్తువ పోయిన కాళ్ళు అంతే దూరానికి ఎక్కువ ఊపిరి అడుగుతాయి. ఆయాసం పెరిగితే ఇంకా కూర్చుంటారు. దీనికి విరుగుడు నడక, చిన్న బరువులెత్తడం, పెదాలు చుట్టి నెమ్మదిగా గాలి వదలడం. వారానికి కనీసం రెండుసార్లు, ఆరు నుంచి పన్నెండు వారాలు, తెలిసినవాళ్ళు దగ్గరుండి చేయించాలి. పల్మనరీ రిహాబిలిటేషన్ అంటే ఇదే. చెడిన ఊపిరితిత్తి బాగుపడదు గానీ కాళ్ళు బాగుపడతాయి. మనిషి మళ్ళీ సంతకి వెళ్ళొస్తాడు.

ఇప్పుడు ఇదంతా తెలిసీ చేయించేవాళ్ళు తక్కువ. 2016 లెక్కల్లో దేశంలో సీఓపీడీ అనే ఈ ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు ఐదున్నర కోట్లు. వాళ్ళలో ఎక్కువమందికి పీల్చే పంపు రాసిచ్చి పంపేస్తారు, నడక మాటే ఎత్తరు. ఇక పిల్లలు "ఫోన్లో వీడియో పెట్టాను తాతయ్యా, చూసి చెయ్యి" అంటారు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మన పెదాలు నీలం తిరుగుతుంటే ఆ వీడియోలో మనిషికి తెలుస్తుందా?

అలాగని ఫోన్ని తీసిపారేయను. 2021లో కాక్రేన్ సంస్థ 15 అధ్యయనాలు, 1,904 మంది వివరాలు కలిపి చూసింది. దూరం నుంచి చేయించిన కసరత్తు ఆసుపత్రిలో చేసినదానికి ఇంచుమించు సమానంగానే పనిచేసింది. చివరిదాకా నిలిచినవాళ్ళు దూరం పద్ధతిలో 93 శాతం, ఎదురుగా చేసినవాళ్ళలో 70 శాతం. ఎందుకో మా అల్లవరం దగ్గర ఓడలరేవు వాళ్ళకి వేరే చెప్పాలా? ఒకప్పుడు కాకినాడ పెద్దాసుపత్రికి యెదుర్లంకలో పంటు ఎక్కి గోదావరి దాటి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు వారధి ఉంది. అయినా అమలాపురంలో బస్సు మారి, వారానికి రెండుసార్లు ఆయాసం మనిషి వెళ్ళగలడా? తోడొచ్చే కొడుక్కి ఆ రోజు కొబ్బరి ఒలుపు కూలి ఎవరిస్తారు?

కానీ ఇంట్లో ఫోను మనవడిది, వాడితోపాటే కాలేజీకి పోతుంది. పైగా, మనిషి ఎంత నడవగలడో చూడటానికి మొదట చేసే ఆరు నిమిషాల నడక పరీక్షకి 30 మీటర్ల చదునైన నేల కావాలి, వేలికి ఆక్సీమీటరు పెట్టి చూసే మనిషి కావాలి. అది మాత్రం ఎదురుగానే జరగాలి.

మా రోజుల్లో అరుగు మీద రోజూ కనబడే మనిషి ఒకపూట కనబడకపోతే ఎవరో ఒకరు వెళ్ళి కేకేసేవారు. ఫోను ఆ పని చెయ్యదు, పల్లె క్లినిక్కు చెయ్యగలదు. కెనడాలోని అల్బర్టాలో పెద్దాసుపత్రి నిపుణులు తెరమీద ఉండి, దూరపు కేంద్రాల్లో చేరిన రోగులకి కసరత్తు చేయించారు. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళతో సమానంగా మేలు కనబడిందని 2011లో ప్రచురించారు. మనకీ ఈ దారి కొత్తది కాదు. పల్లె క్లినిక్కు నుంచి పెద్దడాక్టరుతో తెరమీద మాట్లాడించే ఈ-సంజీవని 2019 నవంబరులో మన రాష్ట్రంలోనే మొదలైంది.

అయ్యా, అధికారులూ! ఆ తెరమీదకే ఫిజియోథెరపిస్టుని పిలవండి. వారానికి రెండు పూటలు ఊళ్ళో ఆయాసం ఉన్నవాళ్ళని క్లినిక్కులో చేర్చండి, నర్సమ్మని పక్కన నిలబెట్టండి. రానివాళ్ళ ఇంటికి ఆశా కార్యకర్తని పంపండి.