‘ఏం కాదులేరా’ అను వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “ఏం కాదులేరా, కదలకు, నేను లాగేస్తా.”

అవతారిక, అనగా మూలం ఏ సందర్భంలో పుట్టిందో తెలిపే ప్రస్తావన: ముప్పాళ్ళ నుంచి ఆదివారం బయలుదేరి, బెల్లంకొండ దాటి, పులిచింతల వెనుక జలాలలో ఒకే పుట్టి ఎక్కి నలుగురు మిత్రులు గాలాలు వేస్తుండగా, ఒకని గాలం మరొకని చెవితమ్మెకు దిగినప్పుడు విసిరినవాడే పలికిన వాక్యమిది. పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున నీరు చొరకుండా తారు పూసిన పడవ. దీనికి ముందు వెనుకలు లేవు, ఉన్నచోటనే తిరుగుతూ ఉంటుంది గనుక “వెనుక చూసి విసరాలి” అన్న పెద్దల విధి ఇక్కడ చెల్లదు.

ప్రతిపదార్థం సులభం కనుక వదిలివేయబడింది.

అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం వేరొకచోట ఉన్నట్లు చెప్పడం అసంగతి. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో దీనికి మూడు భేదాలు చెప్పగా, ఆ మూడూ ఒకే పుట్టిలో దొరకడం ఆలంకారికుల భాగ్యం. విసురు ఒకని భుజానిది, నొప్పి మరొకని చెవిది కావడం మొదటిది. ఒకచోట చేయవలసిన పనిని ఇంకొకచోట చేయడం రెండవది. ఎర్రను గుచ్చి నీటిలో వేయవలసిన గాలాన్ని మిత్రుని చెవికి తొడగడం దీనికి ఉదాహరణ, ఆ ఎర్ర ఇంకా మెలికలు తిరుగుతుంటే రమ్యత హెచ్చుతుంది. ఒకటి చేయబూని దానికి విరుద్ధమైనది చేయడం మూడవది, అనగా తీస్తానని పట్టుకొని మరింత లోతుకు దించడం. ఇది విరోధాలంకారమే కదా అని శంక. కాదు, పొసగని ధర్మాలు ఒకే ఆశ్రయంలో కనిపిస్తే విరోధం, ఒకే ఆశ్రయంలో ఉండవలసినవి వేర్వేరు చోట్ల కనిపిస్తే అసంగతి. గాలం విసిరినవాని చెవికే దిగి ఉంటే అలంకారం ఉండేది కాదు, న్యాయం ఉండేది.

ఈ అలంకార చర్చ ముగిసినా చెవి నుంచి నెత్తురు ఇంకా కారుతూనే ఉంది. గాలపు కొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. చేప జారిపోకుండా పెట్టిన ఆ ముల్లు మనిషి చర్మంలోనూ అంతే పట్టుదలగా నిలుస్తుంది కాబట్టి, దిగిన దారినే లాగితే మాంసం చీలుతుంది. వంపుకు దారం కట్టి, కాడను చర్మానికి అదిమి, ఒక్క గుంజు గుంజే పద్ధతి 1961లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వెలువడింది గాని, చెవితమ్మె వంటి ఊగే చోటికి అది పనికిరాదు. ఇక మిగిలింది కొనను ముందుకు నెట్టి బయటకు తెచ్చి, ముల్లు కత్తిరించి, గాలాన్ని వెనక్కి తీయడం. దానికి కటింగ్ ప్లేయర్ కావాలి. బిర్యానీ పొట్లాలూ, సోడాలూ, పాటల స్పీకరూ మరవని నలుగురిలో ప్లేయర్ తెచ్చినవాడు ఒక్కడూ ఉండడు, టీటీ సూది ఎప్పుడు వేయించుకున్నదీ ఎవరికీ గుర్తుండదు, ఒకడు మాత్రం సెల్‌ఫోనులో వీడియో తీస్తుంటాడు. అదే గాలం కంటికి దిగితే ఎవరూ ముట్టుకోకుండా ఆసుపత్రికి చేర్చాలన్న సంగతి, ఇంత జరిగాక కూడా, ఆ పుట్టిలో ఎవరికీ తట్టదు.

తాత్పర్యం: లాగేవానికి ఏమీ కాదు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో చివర “చెప్పానా కదలొద్దని!” అని అదనంగా కనిపిస్తుంది. చెవి చీలిన తరువాత లాగినవాడే చేర్చినది కనుక ఇది ప్రక్షిప్తం, అనగా మూలంలోకి తరువాత చొప్పించినది. అయినా పుట్టి ఒడ్డు చేరేలోగా మిగిలిన ఇద్దరూ ఇదే అసలు పాఠమని ఒప్పుకొని ఉంటారు.