తొడుగు సంజీవని

మూలము: ధూళి చొరదు; నీరు దిగదు; పడినను పగలదు; సైనిక ప్రమాణము.

అవతారిక: కోడుమూరులో మా మామ తన పాటల పెట్టెకు కొన్న రబ్బరు తొడుగు అట్టపై వెలసిన సూత్రమిది. ఆధారము లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని కావ్యవ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి ప్రతిన. అట్టకవి ఆ రెంటిని ఒక్క పంక్తిలో మీరినాడు.

టీక: సులభపదములు వదలితిమి. 'సైనిక' యన్నచోట ఆగవలెను. అమెరికా సేనలకు మిల్-ఎస్‌టీడీ-810 అను పరీక్షాగ్రంథము కలదు. అందొక పరీక్షలో వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తునుండి 26 మారులు జారవిడుతురు. ఎచట? తరచుగా కాంక్రీటుపై పరచిన 2 అంగుళముల ప్లైవుడ్డుపై. ఆ 26 పాటులను 5 వస్తువులు పంచుకొనవచ్చును. 'సైనిక ప్రమాణము' అను మాట అట్టపై అచ్చువేయుటకు ఏ సేనాపతి ముద్రయు అక్కరలేదు. మామ ఇంట ప్లైవుడ్డు లేదు. నేలకు బేతంచెర్ల బండలు కలవు.

'ధూళి చొరదు': ధూళిని, నీటిని ఆపు శక్తిని తెలుపు ఐపీ సంఖ్యలో మొదటి అంకె 6 అయిననే ఇట్లనవలెను. అట్టపై అంకెయే లేదు.

'నీరు దిగదు': హంద్రి యేటి ఒడ్డున ఎండకాలమంతయు సత్యమే.

పూర్వాచార్యులు: కడపలో ఆకాశవాణి 1963లో నోరు విప్పినది. ఆ కాలపు ట్రాన్సిస్టరు తోలు తొడుగు నెరుగుదురా? స్పీకరెదుట వరుస రంధ్రములు, మీటలు తిప్పుటకు కోత, వెనుక గుండీ, భుజమునకు వారు. చేనిగట్టున తుమ్మకొమ్మకు తగిలించినచో వేరుశనగలో కలుపు తీయువారందరు వినెడివారు. విప్పు పనియే లేదు. చెమటకు తోలు నల్లబడెడిది, గుండీ ఊడెడిది, దారముతో కట్టెడివారు. 1979లో సోనీ తొలి వాక్‌మన్‌కు సైతము తోలుసంచి నిచ్చినది. ప్రకృతమేమి? ఆఁ, రబ్బరు.

అయ్యా, గ్రాంథికం పక్కనబెట్టి అడుగుతాను. ఈ తొడుగేస్తే స్పీకరు సగం మూసుకుపోతోంది. ఒక బటన్ నొక్కితే రెండు పడుతున్నాయి. చార్జింగు పెట్టాలంటే మొత్తం ఊడబెరకాలి. నల్లరేగడి దుమ్ము లోపలికి దూరి, బయటికి పోలేక, పెట్టెనే గీరుతోంది. "ఏమి అల్లుడా, ఘంటసాల బాయిలోనుంచి పాడుతాండాడే!" అంటాడు మామ. అంగట్లోనే తొడిగి, ఒక్క పాట పెట్టి వింటే తేలే సంగతి ఇది. విననిస్తారా?

ఫలశ్రుతి: 'సీలు విప్పినచో వాపసు లేదు.' పెట్టె అడుగున, చీమతలకాయంత అక్షరములలో. ప్రక్షిప్తమేమోనని శంకించి అంగడివానిని అడిగితిమి. మూలమంతటిలో వారు అక్షరాలా పాటించునది ఈ వాక్యమొక్కటే.