చూసేవాళ్ళ కోసం ఇల్లు కట్టడం ఎలా?

పెదకూరపాడులో నేను ఇల్లు కట్టి నాలుగేళ్ళు దాటింది. అప్పట్నుంచీ చుట్టుపక్కల ఎవరు ముగ్గు పోసుకున్నా నన్ను సలహా అడుగుతున్నారు. అడగనివాళ్ళకి నేనే వెళ్ళి చెబుతున్నాను. ఇంటింటికీ తిరగడానికి మోకాళ్ళు సహకరించక, ఇదిగో, ఇలా రాస్తున్నా.

అసలు సూత్రం ఒక్కటే. ఇంట్లో ఉండేవాడు ఎలాగూ ఉంటాడు, వాడికి వేరే దారి లేదు. రోడ్డున పోయేవాడు మాత్రం ఆగాలి, తలెత్తాలి, "ఎంతయిందండీ?" అనాలి. కాబట్టి ఇల్లు కట్టాల్సింది వాడి కోసం.

పునాది సంగతి ముందు తేల్చేద్దాం. మనది నల్లరేగడి. వానాకాలం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. అందుకని లోతుగా తవ్వి, నల్లమట్టి ఎత్తి పారబోసి, ఇసుకో గ్రావెలో పోసి కుదించమంటారు. ఇంజనీరు వస్తే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ వెయ్యమంటాడు. ఆ డబ్బంతా మట్టిలో పోసినట్టే కదా! గృహప్రవేశానికొచ్చిన బావమరిది మీ పునాది చూస్తాడా? ఆ డబ్బు ఎలివేషన్‌కి తిప్పండి. నేను తిప్పాను. రెండో వేసవికి హాలు గోడ మీద కిటికీ మూల నుంచి పైదాకా ఒక నెర్రె వచ్చింది. దాని మీద ఏడు గుర్రాల పటం తగిలించాం. వాస్తుకి కూడా మంచిదట. మూడో వేసవికి గుర్రాలు చాల్లేదు, పక్కనే జలపాతం కూడా పెట్టాం. ఇప్పుడు ఎవరొచ్చినా ఆ గోడనే మెచ్చుకుంటున్నారు.

ఇక బండలు. మా పాత ఇంట్లో మాచర్ల బండలు ఉండేవి. మూడు తరాల పాదాలు అరగదీసి నున్నగా చేసిన నాపరాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం మా అమ్మ చెంబెడు నీళ్ళు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, చెంగు పరుచుకుని పడుకునేది. ఫ్యాను కూడా అడిగేది కాదు. అయితే రాయి చూస్తే మురికి నీలం, ఒకటి ఉన్న రంగులో ఇంకొకటి ఉండదు. పీకించి అద్దంలా మెరిసే తెల్లటి టైల్స్ వేయించాను. వాటి మీద నీళ్ళు పడితే కనబడవు. మనం పడ్డాక తెలుస్తుంది.

"ఒరే అబ్బాయ్, ఆ రాయి మన తాతల నాటిది కదరా" అని అమ్మ గొణిగింది. తాతల మాటే వస్తే మా నియోజకవర్గంలోని అమరావతినే చూడండి. మహాస్తూపాన్ని అలంకరించింది కూడా మన పలనాటి సున్నపురాయితోనే. ఆ శిల్పులు చేసిన పొరపాటు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. స్తూపం చుట్టూ కంచె కట్టారు. కంచె అన్నాక గొడ్డు లోపలికి రాకుండా చూస్తే చాలు. వీళ్ళు దాని నిలువు రాళ్ళ మీదా అడ్డ రాళ్ళ మీదా తామరపూలు చెక్కారు, కథలు చెక్కారు. కంచెకి తామరపూలెందుకు? పనికొచ్చే రాయి మీద అందం పెడితే జనం దాన్ని పనికే వాడతారు. వాడారు కూడా. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కడుతుంటే దిబ్బలోని రాళ్ళు కట్టడాలకి పోయాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేసుకున్నారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే తవ్వకం సాగుతోంది. 1845లో వాల్టర్ ఇలియట్ కొన్ని తవ్వించి మద్రాసు పంపించాడు. ఇప్పుడు ఆ రాళ్ళు చాలావరకు చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ముట్టుకోనివ్వరు. అందాన్ని ఉంచాల్సిన పద్ధతి అదీ! మా ఇంట్లో పింగాణీ కప్పులు కూడా అలాగే అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటాయి. టీ మాత్రం స్టీలు గ్లాసుల్లో తాగుతాం.

సున్నం అంటే గుర్తొచ్చింది. పిడుగురాళ్ళ బట్టీల సున్నం మనకి ఎంత దగ్గరైనా గోడకి తగలనివ్వకండి. సంక్రాంతికి సున్నం కొట్టిన తెల్లగోడ ఎండని వెనక్కి తిప్పికొట్టేస్తుంది. మర్యాద కాదు. ముదురు బూడిదరంగు వేయించండి. ఫొటోలో బాగా పడుతుంది, ఎండని కూడా ఆప్యాయంగా లోపలికి పిలుస్తుంది. పడమటి వైపు గోడ తీసేసి నిలువెత్తు అద్దం పెట్టించండి. అద్దానికి అడ్డంగా వేపచెట్టుంటే కొట్టించండి. ఆ తర్వాత అద్దానికి లోపల మందపాటి కర్టెన్లు, బయట గ్రీన్ నెట్టు, పక్కన ఏసీ కావాల్సొస్తాయి. విడివిడిగా కొంటే ఖర్చు ఎక్కువ, ముందే ఒకేసారి కొనుక్కోండి.

డాబా మీద చదును ఉండనివ్వకండి. చదును కనబడితే ఆడవాళ్ళు వడియాలు పెడతారు, మగవాళ్ళు మిరపకాయలు ఎండేస్తారు. నేను పైన ఎర్ర పెంకులతో పిరమిడ్ కట్టించాను. గుంటూరు–నడికుడి లైన్లో రైలెక్కినవాళ్ళకి కూడా కనబడుతుంది. మిరపకాయలు ఇప్పుడు వేరేవాళ్ళ కల్లంలో ఎండేస్తున్నాం. రాత్రి మబ్బు పడితే టార్పాలిన్ పట్టుకుని పరిగెత్తేది నేనే. వ్యాయామం.

పత్తి దగ్గర మాత్రం నా సూత్రానికి చిన్న దెబ్బ తగిలింది. దాచకుండా చెబుతా. తీత అయ్యాక రేటు వస్తుందని రెండు నెలలు ఆపుకుంటాం కదా. పాత ఇంట్లో దానికొక చీకటి కొట్టుండేది. చూడ్డానికి బాగుండదని కొత్త ప్లానులో తీసేశాను. దాంతో పత్తి హాల్లోకొచ్చింది. సోఫాలు మునిగాయి, గుర్రాలు మునిగాయి, ఫాల్స్ సీలింగ్ దాకా పత్తే. రంగురంగుల లైట్లు వేస్తే మాత్రం హిమాలయాల్లా ఉంది. ఒళ్ళంతా దురద. "ఏవండీ, పత్తికి ఇల్లు కట్టాం, మనకెప్పుడు కడతారు?" అంది మా ఆవిడ. ఆడవాళ్ళకి సౌందర్యదృష్టి తక్కువ.

వంటగది గురించి ఒక్క ముక్క: మాడ్యులర్ కిచెన్ పెట్టించండి, అందులో వండకండి. తాలింపు ఘాటుకి తెల్ల తలుపులు పచ్చబడతాయి. వంటకి దొడ్లో రేకుల వసారా చాలు.

గేటు పక్కన చిరునామా పెయింటుతో రాయించుకోకండి, చవకబారుగా ఉంటుంది. నల్ల గ్రానైట్ మీద చెక్కించి బంగారు రంగు పోయించండి. నేను 2021లో చెక్కించాను. కింది వరసలో "గుంటూరు జిల్లా" అని పెద్ద అక్షరాలు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది. గ్రానైట్ అయితే చెక్కు చెదరలేదు.

పీకించిన మాచర్ల బండలు ఏం చేశావని కొందరు అడిగారు. పారెయ్యలేదు. రేకుల వసారా పక్కన పాత చింతచెట్టు కింద అమ్మ పరిపించుకుంది. వంట అక్కడే, భోజనం అక్కడే, మధ్యాహ్నం నిద్ర అక్కడే. మా ఆవిడా పిల్లలూ కూడా అక్కడే ఉంటారు. ఇది రాస్తున్నదీ అక్కడే కూర్చుని.

ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఒక మనవి. ముందువైపు బెల్లు కొట్టకండి, మాకు వినబడదు. పక్క సందులోంచి దొడ్డివైపుకి వచ్చెయ్యండి. గేదె పొడవదు.