దేవుడి సంతకం

ఏ పార్టీలోకి వెళ్తున్నారని విలేకరులు అడిగితే, మన కృష్ణా డెల్టా నాయకుడొకాయన ఒకసారి "నాదేముందండీ, దేవుడు ఎటు నడిపిస్తే అటు" అన్నారు. పేరెందుకు, మీరూ పేపర్లో చూశారు. ఆయన్ని దేవుడు ఇదివరకు నడిపించిన దారీ చూశారు. ఎన్నిసార్లు నడిపించినా సరిగ్గా గెలిచిన పార్టీ ఆఫీసు మెట్ల దగ్గరే ఆపుతాడు.

అన్నిటికీ తన పేరు వాడేసుకునే ఈ బాధ పడలేకే దేవుడు బందరు కోనేరు సెంటర్లో ఓ గది అద్దెకి తీసుకుని సోమవారం సోమవారం అర్జీలు పట్టడం మొదలుపెట్టారు. గుమ్మం మీద బోర్డు: "పెద్ద నిర్ణయాలకు మాత్రమే. చిన్నవి మీరే ఏడవండి." గుడి, చర్చి, మసీదు తేడా లేదు, అందరికీ ఒకటే క్యూ.

మొదటి టోకెను గుడివాడది. "అబ్బాయిని అమెరికా పంపమంటారా స్వామీ?" స్వామి ఫైలు తిరగేశారు. ఎకరం అమ్మేశారు, లోను వచ్చేసింది, వీసా పడింది, శంషాబాదు నుంచి టికెట్టు బుధవారానికి.

"ఇప్పుడు నేను వద్దంటే?"

"అలా అనకండి స్వామీ, డబ్బులు వాపసు ఇవ్వరు."

రెండోది అవనిగడ్డ కుటుంబం. దారిలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకునే వచ్చారు. ఆడపిల్లకి సంబంధం. తెల్లపువ్వు, ఎర్రపువ్వు పొట్లాలు కట్టి స్వామి ముందు వేసి, చంటిపిల్లాడి చేత తీయించారు. తెల్లదొస్తే సరే, ఎర్రదొస్తే వద్దు. ఎర్రదొచ్చింది. "వాడు ఎడంచేత్తో తీశాడండీ" అని మళ్లీ వేశారు. మళ్లీ ఎర్రదే. మూడోసారి రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వే పెట్టారు. "స్వామి ఒప్పుకున్నారు!" అని లెంపలేసుకున్నారు. పిల్ల ఓ మూల నిలబడి ఉంది. నర్సింగు సీటు వచ్చిన కాగితం దాని బ్యాగులో ఉంది.

మూడో ఆవిడ డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో తీసిన వాగ్దానం కార్డు పట్టుకొచ్చింది. అందులో ఓర్చుకోమని వచ్చిందట. "ఇది మేము ఇల్లు కట్టుకునే సంవత్సరం ప్రభువా, ఇంకో కార్డు తీసుకోవచ్చా?"

నాలుగోది బందరు పోర్టు ఫైలు. 2008 ఏప్రిల్ 23న రాజశేఖరరెడ్డి గారు, 2019 ఫిబ్రవరి 7న చంద్రబాబు గారు, 2023 మే 22న జగన్ గారు. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు శంకుస్థాపనలు. "నాయనా, మనిషికి కూడా బారసాల ఒక్కసారే చేస్తారు" అన్నారు దేవుడు. "ఓడ రాకముందే దీనికి మూడు చేశారు."

టీ తాగుతూ ఆయన గోరా గారిని తలుచుకున్నారు. "ఈ జిల్లాలో నన్ను ఏమీ అడక్కుండా బతికిన పెద్దమనిషి. ఈ ఊరి హిందూ కాలేజీలో పాఠాలు చెప్పుకునేవారు. నాస్తికుడని 1939లో ఆ ఉద్యోగం లేకుండా చేశారు. మరుసటి ఏడు ముదునూరు వెళ్లి నాస్తిక కేంద్రం పెట్టుకున్నారు. నా తరఫున ఆయన మీద కోపం తెచ్చుకునే ముందు, నాకు కోపమొచ్చిందో లేదో ఒక్కరైనా అడిగారా?"

ఆఖర్న మన నాయకుడు వచ్చారు. "స్వామీ, ఎటు నడవమంటారు?"

"ముందు నీ పదవికి రాజీనామా ఇచ్చి నడువు."

"అది దైవ నిర్ణయం కిందకి రాదండీ, మా లాయర్ని అడగాలి."

సరే, నవ్వింది చాలు.

ఈ సీమకి దేవుడు ఏదైనా చెప్పాడనుకుంటే, మనం అడక్కుండానే చెప్పాడు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరు మీద పడి దాదాపు 30,000 మందిని తీసుకుపోయింది. సముద్రం ఎంత దగ్గరో తెలుసుకోవడానికి మనకి 113 ఏళ్లు గడువిచ్చింది. 1977 నవంబరు 19న మళ్లీ వచ్చేసరికి సొర్లగొందిలో, పాలకాయతిప్పలో చాలామంది మిగల్లేదు. లెక్కకందిన శవాలే 10,000కి అటూఇటూ. శవాలింకా తేలుతుండగానే "దైవ నిర్ణయం" అనేశాం. కెరటానికి అడ్డం నిలిచే మడ అడవిని కొట్టి రొయ్యల చెరువులు తవ్వినప్పుడు ఏ పువ్వు వేసి అడిగాం? ఎదురుమొండి దీవిలో నొప్పులొచ్చిన మనిషిని అర్ధరాత్రి పడవెక్కించాల్సి వచ్చిందంటే, ఏళ్లపాటు అడిగినా వంతెన వేయకపోవడం ఏ దేవుడి ఆదేశం? ఏ స్వామి కలలోకొచ్చి ఆ ఫైలు మీద కూర్చోమన్నాడు?

లాభం వచ్చే పనికి మన తెలివి, ప్రాణాలు పోయే పనికి దేవుడి పేరు. నేరం చేసినవాడికి బెయిలు కావాలి, దేవుడు జామీను ఉండాలి. దీన్ని భక్తి అనకండి. భక్తి ఉన్నవాడు ఎర్రపువ్వు వచ్చినప్పుడు నోరు మూసుకుని ఇంటికెళ్తాడు.

అవనిగడ్డ పిల్ల కాలేజీలో చేరడానికి ఆఖరు రోజు శుక్రవారం. రెండు పొట్లాలు కట్టిన చేతులు ఎవరివో అది చూసింది. ఆ చేతులే రేపు అక్షింతలు వేస్తాయి.